లోపలి టైరు

టంగుటూరు టోల్‌గేటు దాటినాక
ఎడమ చేతి పక్క
వేపచెట్టుకు గొలుసేసి కట్టిన కంప్రెషరు.
కాలేషా పంచరు షాపు.
బోర్డు లేదు. పాత లారీ టైరొకటి నిలబెట్టి
దాని మీద సున్నంతో ‘గాలి’ అని రాశాడు.
వానకు దీర్ఘం కారిపోయి
ఇప్పుడది ‘గలి’.

పొద్దు పొడవకముందే రమ్మంటాడు.
"ఎండెక్కినాక గాలి అబద్ధం చెబుద్దబ్బయా.
పరిగెత్తుకొచ్చినోడి నాడి పట్టుకుని
జరమని మందిస్తారా ఎవరన్నా?"

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని
పెద్దోళ్లు చెప్పిపోయారు.
టైర్ల సంగతి మాకు మేమే తెలుసుకున్నాం.

నాది ఆరు చక్రాల బండి.
ముందు రెండు, వెనక నాలుగు, జోడుజోడుగా.
కొండపి పల్లెల్నుంచి పొగాకు బేళ్లు వేలానికి తోలతాను.
బాడుగ బేలుకింతని.
అందుకే ఎప్పుడూ ఒక వరస ఎక్కువే.

నిరుడు జరుగుమల్లి మలుపులో
వెనక బయటి టైరు పేలింది.
మోడు పొగాకు చేలో మేకలు
తలా ఒక దిక్కుకు చెదిరినయి.
కొత్త టైరది, నాలుగు నెల్లు నిండలేదు.
కంపెనీని తిట్టాను, ఎండను తిట్టాను,
ఆ రెండూ పలకవు గనక
క్లీనరు చెంచయ్యను తిట్టాను.

కాలేషా పేలినదాని వంకే చూడలేదు.
"లోపలిది చూడమ్మే" అన్నాడు కూతురితో.

రెహానా చెయ్యి సన్నం.
బయటి రిమ్ము కంతలోంచి మోచేతి దాకా దూరి
లోపలి వాల్వు మూతిని దొరకబుచ్చుకుంటుంది.
ఆయన పిడికిలి పట్టదక్కడ. నాదీ పట్టదు.
అన్నేళ్లూ అదే మా సాకు.

మీటరు పెట్టి చదివింది, "నలభై రెండు."
ఉండాల్సింది ఎనభై.

"రోజూ కట్టెతో కొట్టి చూస్తానే,
మోత బాగానే ఉందే" అన్నాను.
"బయటిదాన్ని కొట్టావు.
లోపలిదాకా పోయిందా నీ కట్టె?

ఇది ఎప్పుడో పని మానుకుంది.
మానుకున్నట్టు కనపడకుండా నిలబడింది,
పక్కది ఎత్తి పట్టుకుంది గనక.
రెండిటి మోతా ఒకటే మోసి మోసి
అదిగో, మోసింది పోయింది.
దీనికింకా ప్రాణముంది."

జోడు మధ్య ఇరుక్కున్న రాయినొకదాన్ని
స్క్రూడ్రైవరుతో పెళ్లగించింది రెహానా.
చీమకుర్తి నల్లరాయి ముక్క.
పావడా అంచుకు తుడిచి వెలుతురుకు పెట్టింది,
లోపల బంగారు చుక్కలు.
రెండు టైర్ల పొట్టల్నీ కోసింది అదేనట.
కోసిందని పారెయ్యలేదు,
కిటికీలో మిగతావాటి పక్కన పెట్టుకుంది.

ఇప్పుడు తెల్లారకముందే వస్తున్నాను.
ఆరింటికీ పెడుతుంది మీటరు,
వెనక నాలుగిటికీ ఒకటే లెక్క రావాలి.
ఒక్క పాయింటు తేడా ఉన్నా ఊరుకోదు,
తండ్రి ఊరుకున్నా.
నిన్న ఒకదానికి ఎక్కువైందని వదిలింది.
బుస్సుమని ముఖానికి తగిలింది,
చల్లగా, రబ్బరు వాసనతో.
పోయిన నెల కందుకూరులో పట్టిన గాలి.
అక్కణ్ణించి ఇక్కడికి, ఎన్ని మెట్టలు ఎక్కి దిగి.
బాడుగ అడక్కుండా నేను తోలిన సరుకు
అదొక్కటే అయ్యుంటుంది.

మొన్న ఒంగోల్లో మీటరు కొన్నాను,
మూడొందల యాభై.
దారిలో చూసుకోటానికి.
బండి కిందికి వంగాను, చెయ్యి పెట్టాను,
మణికట్టు దగ్గర ఆగిపోయింది.

"ఇటియ్యన్నా" అన్నాడు చెంచయ్య.
కంతలోంచి సులువుగా పోయింది వాడి చెయ్యి,
మోచెయ్యి దాటి, దండ దాకా.
"ఎనభై" అన్నాడు లోపల్నుంచి.

మూడేళ్లు నా పక్క సీట్లోనే కూచున్నాడు.
వాడి చెయ్యి అంత సన్నమని
నేనెప్పుడూ చూళ్లేదు.